స్కానింగ్ గదిలో ఆ మౌనం

ప్రశ్న: నేను గర్భవతిని, ఇప్పుడు 19వ వారం. వచ్చే వారం టిఫా స్కాన్ (బిడ్డ అవయవాలన్నీ వివరంగా చూసేది). పోయినసారి గర్భం వచ్చినప్పుడు తొమ్మిదో వారంలో స్కాన్ చేస్తూ చేస్తూ డాక్టరుగారు మాట్లాడటం ఆపేశారు. కాసేపటికి గుండె చప్పుడు లేదన్నారు. అప్పటినుంచి స్కానింగ్ అంటే వణుకు. నిద్ర పట్టదు, అస్తమానం ఫోన్లో వెతుకుతుంటాను. మావారు "ఏం కాదులే" అంటే ఇంకా ఏడుపొస్తోంది.

జవాబు: మీ భయం స్కానింగ్ మీద కన్నా ఆ మౌనం మీద. పోయినసారి మౌనం వెనకే చెడు కబురు వచ్చింది కాబట్టి మనసు ఆ రెండింటినీ ముడివేసుకుంది. ముందు ఆ ముడి సంగతి చూద్దాం.

టిఫా మామూలుగా 18 నుంచి 22 వారాల మధ్య చేస్తారు, అరగంట దాకా పట్టొచ్చు. తల, పొట్టల చుట్టుకొలత, తొడ ఎముక పొడవు కొలుస్తారు. మెదడు, పెదవి, వెన్నెముక, మూత్రపిండాలు, గుండెలోని నాలుగు గదులు, మాయ (ప్లాసెంటా) ఉన్న చోటు, ఉమ్మనీరు, అన్నీ చూడాలి. బిడ్డేమో కుదురుగా ఉండదు. అందుకే గుండె దగ్గరికొచ్చేసరికి ఎంత మాటకారి డాక్టరైనా నోరు మూసుకుంటారు. కాబట్టి ఈసారీ మౌనం ఉంటుంది, బిడ్డ నిక్షేపంగా ఉన్నా ఉంటుంది.

అయితే దాన్ని అరగంటసేపు భరించక్కర్లేదు. బల్ల మీద పడుకోకముందే చెప్పండి: "పోయినసారి స్కాన్‌లోనే బిడ్డ గుండె ఆగిందని తెలిసింది. ముందు గుండె కొట్టుకుంటోందని ఒక్క మాట చెప్పి, తర్వాత మీ పని చూసుకోండి." గుండె కదలిక కనిపించడానికి సాధారణంగా ఎక్కువసేపు పట్టదు. నోరు పెగలదనుకుంటే చీటీ రాసి ఇవ్వండి. కొన్నిచోట్ల స్కాన్ చేసేవారు ఫలితం చెప్పరు, రిపోర్టు మీ డాక్టరే చదువుతారు. ఎవరు, ఎప్పుడు చెబుతారో ముందే కనుక్కోండి.

"కాసేపు నడిచి రండి", "మరోసారి చూద్దాం" అంటే చాలావరకు బిడ్డ బోర్లా తిరిగి ఉందనే అర్థం. మాయ కిందికి ఉందన్నా, నెలలు నిండేసరికి ఎక్కువమందిలో పైకి జరుగుతుంది. అన్నీ బాగుంటాయని మాత్రం నేను మాటివ్వను. స్కాన్ కూడా ప్రతి లోపాన్నీ పట్టలేదు. ఏదైనా తేడా కనిపిస్తే అడగాల్సినవి మూడు: ఇది ఖాయమా, అనుమానమా? తేల్చే పరీక్ష ఏది? ఎన్నాళ్లలో?

ఇక ఫోన్. వెతికిన ప్రతిసారీ నాలుగు నిమిషాలు ఊరట, తర్వాత మరో కొత్త భయం. పూర్తిగా మానేయమంటే మీవల్ల కాదు. సాయంత్రం 20 నిమిషాలు కేటాయించి, ఆ సందేహాలు డాక్టరు కోసం కాగితం మీద పెట్టండి. రాత్రి భయం ముంచుకొస్తే నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఆరు లెక్కపెడుతూ వదలండి, ఐదు నిమిషాలు. ఇంట్లో గుండె చప్పుడు వినే డాప్లర్ మాత్రం కొనకండి. తల్లి నాడినే బిడ్డదనుకుని నిశ్చింతగా ఉండిపోయే ప్రమాదం ఉంది, వినపడకపోతే ఊరికే ప్రాణం పోయినట్టవుతుంది. బిడ్డ కదలికలు ఇంకా తెలియకపోయినా, మాయ ముందువైపు ఉంటే మరీ, 19వ వారానికి అది మామూలే.

మీవారికి ధైర్యం చెప్పే పని వద్దు, వేరే పనులు అప్పగించండి. ఉదయం మొదటి అపాయింట్‌మెంట్ తీసుకోవడం, గదిలోకి వెంట రానిస్తారో లేదో కనుక్కోవడం, మీ గొంతు పూడుకుపోతే ఆ చీటీలోది తాను చెప్పడం. "ఏం కాదులే" బదులు "నాకూ భయంగానే ఉంది" అనమనండి. ఆయనకూ ఉండే ఉంటుంది.

రెండు వారాలుగా నిద్ర సరిగా లేకపోయినా, తిండి సయించకపోయినా, స్కాన్ ఎగ్గొడదామనిపిస్తున్నా మీ గైనకాలజిస్టుకు చెప్పి కౌన్సెలర్ దగ్గరికి పంపమనండి. గర్భం పోగొట్టుకున్నవారికి ఈ భయం స్కాన్ బాగున్నాక కూడా తిరిగి రావచ్చు. రక్తం కనిపించినా, కడుపునొప్పి వచ్చినా, ఉమ్మనీరు పోయినా మాత్రం స్కాన్ తేదీ దాకా ఆగకండి, అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లండి.