మార్చాల్సింది షీటు, రకం కాదు

చిన్నీ,

నీ మెసేజ్ రాత్రే చూశాను. ఫోన్లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదని పొద్దున్నే కూర్చుని రాస్తున్నా. జిల్లా టేబుల్ టెన్నిస్ టోర్నమెంట్‌కి పన్నెండు రోజులుంది, బ్యాట్‌కి ఫోర్‌హ్యాండ్ వైపు చైనా వాళ్ల హరికేన్ రబ్బరు వేసుకోనా, బ్యాక్‌హ్యాండ్ వైపు పొడవాటి బొడిపెలుండే లాంగ్ పింపుల్స్ రబ్బరు వేసుకోనా, రెండూ ఒకేసారి మార్చేస్తే ఏమవుతుంది మావయ్యా అని అడిగావు. ఏమవుతుందంటే, మొదటి రౌండ్లోనే ఇంటికొచ్చేస్తావు. కోప్పడుతున్నాననుకోకు, నేను అలా వచ్చినవాణ్ణే.

డిగ్రీ రెండో సంవత్సరంలో కాలేజీల మధ్య పోటీలకి ముందు రోజు సాయంత్రం కొత్త రబ్బర్లు కొని, ఒక సీనియర్ చెప్పాడని సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌తో అంటించాను. రాత్రి హాస్టల్ గదిలో బంతి ఎగరేస్తుంటే టక్కు టక్కుమని ఒక కొత్త శబ్దం, ఆ ఆనందంలో నిద్ర పట్టలేదు. మర్నాడు నేను కొట్టిన బంతల్లా టేబుల్ దాటి అవతలి గోడకి తగిలింది. అప్పట్లో గేముకి 21 పాయింట్లు, నాకు ఒక గేములో తొమ్మిది, ఇంకో గేములో పదకొండు వచ్చాయి. మీ అమ్మ ఇప్పటికీ ఆ సంగతి పెళ్లిళ్లలో చెబుతుంది.

ఆ జిగురు పిచ్చి మాదే కాదులే, 1970ల్లో యూరప్‌లో మొదలైంది. యుగోస్లావియా సుర్బెక్, హంగరీ క్లాంపర్ పేర్లు చెబుతారు. ట్యూబులకి వేసే జిగురులోని ద్రావకం రబ్బరు కింద ఉండే స్పాంజిలోకి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, దాంతో పైన రబ్బరు బిగుసుకుపోయి బంతి వేగంగా, ఎక్కువ స్పిన్‌తో పోతుంది. కొన్ని గంటల్లో ఆ ఊపు తగ్గిపోతుంది కాబట్టి పెద్ద ఆటగాళ్లు ప్రతి మ్యాచ్‌కీ ముందు రబ్బరు పీకి మళ్లీ అంటించేవాళ్లు. ఆ ఆవిరి ఊపిరితిత్తులకి మంచిది కాదని 2008 బీజింగ్ ఒలింపిక్స్ అయిపోగానే నిషేధించారు. అదే ఏడాది జపాన్ కంపెనీ బటర్‌ఫ్లై వాళ్ల టెనర్జీ రబ్బరు వచ్చింది, జిగురుతో తెచ్చుకునే బిగువుని ఫ్యాక్టరీలోనే రబ్బరులో పెట్టేశారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పాత ఆటగాళ్లు రోజూ రబ్బరు పీకుతూ ఉండేవాళ్లని విని, ప్రొఫెషనల్ అంటే ఎప్పుడూ రబ్బరు మారుస్తూ ఉండాలని నీలాంటి పిల్లలకి ఒక భ్రమ. వాళ్లు పీకి మళ్లీ వేసుకున్నది మళ్లీ అదే రబ్బరు.

నేను చెప్పదలచుకున్న సంగతి ఇదొక్కటే, మిగతాది మర్చిపోయినా పర్లేదు. పెద్ద ఆటగాళ్లు షీటు, అంటే బ్యాట్ మీద అంటించే ఆ రబ్బరు, తరచూ మారుస్తారు, కొందరు వారానికే, కొందరు రెండు మూడు వారాలకి. కానీ అదే కంపెనీ, అదే పేరు, అదే మందం, అదే గట్టిదనం. రకం మాత్రం ఏళ్ల తరబడి కదలదు. మనం సరిగ్గా తలకిందులుగా చేస్తాం. చచ్చిపోయిన షీటుతో ఏడాది ఆడతాం, గ్రిప్పు లేక ఓడిపోతే ఈ రకం మంచిది కాదని ఇంకో కంపెనీకి పోతాం, కొత్త షీటు కాబట్టి అది ఎలాగూ బాగానే పట్టుకుంటుంది, అంతా కంపెనీ మహిమ అనుకుంటాం. నీ బ్యాట్ మీద ఉన్నది ఎన్నాళ్ల నాటిదో గుర్తుందా? పోయిన సంక్రాంతికి మీ నాన్న కొనిపెట్టిందే కదా. రోజుకి రెండు గంటలు ఆడుతున్నావు. లెక్క వేసుకో.

షీటు అయిపోయిందని ఎలా తెలుస్తుందంటే, పైన చూస్తే తెలియదు. అంచున, బంతి ఎప్పుడూ తగలని చోట వేలితో రాసి చూడు, తర్వాత మధ్యలో రాయి. మధ్యలో నున్నగా జారిపోతుంటే దాని పని అయిపోయినట్టే. ఇంకో గుర్తు, వెనక్కి తిరుగుతూ వచ్చే బ్యాక్‌స్పిన్ బంతిని కింది నుంచి పైకి రాస్తూ నెమ్మదిగా లూప్ చేసేటప్పుడు చెయ్యి అలాగే వెళ్లినా బంతి నెట్‌లో పడుతుంటుంది, నువ్వేమో మోకాళ్లు వంచలేదని కోచ్ చేత తిట్లు తింటుంటావు. మామూలుగా మన స్థాయిలో అరవై నుంచి ఎనభై గంటల ఆట వరకు షీటు బాగుంటుంది. బ్యాట్ కవరు లోపల ఒక చీటీ పెట్టి, వేసిన తేదీ, ఆడిన గంటలు పెన్సిల్‌తో రాసుకో. నీకు సిల్లీగా అనిపించొచ్చు, నేను ఇప్పటికీ రాస్తా.

డబ్బు సంగతి నాకు తెలుసు. ఒక్క షీటుకే ఐదు వేలు దాటేవి ఉన్నాయి, వాళ్లకి స్పాన్సర్లు పెట్టెలకి పెట్టెలు పంపిస్తారు, మనకి బావ జీతం. అందుకే చెబుతున్నా, గంటల లెక్క ప్రకారం మార్చడం మనవల్ల కాకపోయినా, ఖరీదైన రబ్బరుని ఏడాది లాగే బదులు, మూడో వంతు ధరది నాలుగు నెలలకోసారి మార్చు, ఆట బాగుంటుంది. రెండు వైపులా ఒకే రకం వాడితే ఇంకో చిట్కా ఉంది, ఫోర్‌హ్యాండ్ షీటు అరిగాక దాన్ని బ్యాక్‌హ్యాండ్‌కి మార్చి, ఫోర్‌హ్యాండ్‌కి రెండో రంగులో కొత్తది వెయ్యి. బ్యాక్‌హ్యాండ్‌లో నువ్వు ఎక్కువగా బ్లాకే కదా చేసేది, కొంచెం అరిగినా నడుస్తుంది.

ఇప్పుడు హరికేన్ సంగతి. చైనా ఛాంపియన్లు మాలాంగ్, ఫాన్ జెండాంగ్ ఫోర్‌హ్యాండ్‌కి వేస్తూ వచ్చింది అదే, నిజమే. కానీ వాళ్ల జాతీయ జట్టుకి వచ్చే నేషనల్ బ్లూ స్పాంజి షీటూ, నువ్వు దుకాణంలో చూసిన షీటూ పేరుకే ఒకటి. అదొక్కటే కాదు, హరికేన్ పైన జిగటగా ఉంటుంది, లోపల స్పాంజి గట్టిది, మెల్లగా తగిలితే బంతి చచ్చినట్టు పడుతుంది. చిన్న సర్వీసుకి, బంతి అడుగున కోసి మెల్లగా నెట్టే పొట్టి పుష్‌కి అది వరం. అదే రబ్బరుతో బంతిని ముందుకి తిప్పే టాప్ స్పిన్ కొట్టాలంటే కాలు, నడుము, భుజం అన్నీ కలిసి రావాలి, లేకపోతే స్పాంజి లేవదు. చైనా పిల్లలు ఏడెనిమిదేళ్ల నుంచి ఆ ఊపుతోనే పెరుగుతారు. పైగా అదే ఫాన్ జెండాంగ్ బ్యాక్‌హ్యాండ్ వైపు చూడు, జపాన్ రబ్బరు. బ్యాక్‌హ్యాండ్‌లో చెయ్యి తిరగడానికి చోటు తక్కువ, మణికట్టుతో కొట్టినా లేచే స్పాంజి కావాలి, అందుకని. వాళ్లు ఎంచుకునేది అలా, నా మొదటి దెబ్బ ఎటునుంచి, అక్కడ నా చెయ్యి ఎంత తిరుగుతుంది, అక్కణ్ణుంచి రబ్బరు దగ్గరికి వస్తారు. నువ్వు వీడియో దగ్గర్నుంచి రబ్బరు దగ్గరికి వచ్చావు.

నీ ఆటలో మొదటి దెబ్బ ఏది? నాకు తెలిసి బ్యాక్‌హ్యాండ్ ఫ్లిక్, పొట్టి బంతిని మణికట్టుతో విదిలించి కొట్టేది. దాని తర్వాత ఫోర్‌హ్యాండ్‌కి తిరిగే లోపల ఆలస్యం అవుతోంది. అది కాళ్ల సమస్య తల్లీ, హరికేన్ వేస్తే ఇంకా ఎక్కువవుతుంది.

గట్టిదనం గురించి ఒక్క మాట, ఎందుకంటే ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. బటర్‌ఫ్లై వాళ్ల డిగ్నిక్స్ 05 రబ్బరు మీద 40 డిగ్రీలని ఉంటుంది, హరికేన్ మీద 39 అని ఉంటుంది, అంటే హరికేనే మెత్తన కదా అనుకుంటావు. కాదు, జపాన్ వాళ్ల కొలత వేరు, చైనా వాళ్ల కొలత వేరు, హరికేన్ చాలా గట్టిది. జర్మనీలో తయారయ్యేవాటి మీద 47.5 అని, 50 అని ఉంటుంది, అది మూడో కొలత. ఒకే కంపెనీ అంకెల్ని ఒకదానితో ఒకటి పోల్చుకో, అంతే. మందం విషయంలో, జిగురుతో కలిపి మొత్తం 4 మిల్లీమీటర్లు దాటకూడదని రూల్, నీ వయసుకి 1.9 మిల్లీమీటర్ల స్పాంజి చాలు, అన్నిటికంటే మందపాటిది, మ్యాక్స్ అంటారే, అది వద్దు. బరువు కూడా చూసుకో. కోశాక ఒక షీటు 45 గ్రాములుంటే ఇంకొకటి 52 ఉంటుంది, అటూ ఇటూ బరువైనవి వేస్తే రెండో మ్యాచ్‌కే మణికట్టు లాగేస్తుంది. పెద్దవాళ్లు ఒకే రకం షీట్లు ముందేసుకుని త్రాసు మీద తూచి, తమకి సరిపడేవి ఏరుకుంటారు. మీ వంటింటి డిజిటల్ త్రాసు చాలు దీనికి.

పింపుల్స్. మణికా బత్రా లాంగ్ పింపుల్స్‌తో ఆడుతుంది, మన హైదరాబాద్ ఆకుల శ్రీజ బ్యాక్‌హ్యాండ్‌లోనూ పింపుల్సే, కాబట్టి నేనూ అన్నావు. మణికా 2018 కామన్వెల్త్‌లో సింగపూర్ ఫెంగ్ తియాన్వేని ఓడించినప్పుడు నేనూ సోఫాలోంచి లేచి గంతులేశాను, కాదనను. లాంగ్ పింపుల్స్ వంగి బంతిని జారనిస్తాయి, అవతలివాళ్లు తిప్పిన స్పిన్ వాళ్లకే తిరిగిపోతుంది, వాళ్లు టాప్ స్పిన్ కొడితే నీ బ్లాక్ నుంచి బ్యాక్‌స్పిన్‌గా వెళుతుంది. ఎదుటివాళ్లు తికమకపడి బంతి పైకి లేపుతారు. అంతవరకు అందరికీ తెలుసు. అలా లేచిన బంతిని కొట్టి చంపే ఫోర్‌హ్యాండ్ ఉండాలి, లేకపోతే ఆ తికమక వల్ల ఒరిగేదేమీ లేదు. ఆపైన ఆట మధ్యలో బ్యాట్ చేతిలో తిప్పి మామూలు వైపుతో కొట్టడం రావాలి, దానికే నెలలు పడుతుంది. వాళ్లిద్దరూ ఏళ్ల తరబడి దానిమీద కూర్చున్నారు. ఇంకో సంగతి, నీకున్న మంచి ఆయుధం ఆ ఫ్లిక్ ఒక్కటే, పింపుల్స్ వేస్తే ముందు పోయేది అదే. వేసవి సెలవుల్లో కావాలంటే పాత బ్లేడుకి, అంటే రబ్బరు లేని ఉత్త చెక్కకి, వేసిస్తా, ఆడి చూడు. ఇప్పుడు మాత్రం వద్దు.

మరి ప్రొఫెషనల్స్ అసలు రకం మార్చరా అంటే, మారుస్తారు, కారణం ఉంటేనే. 2014లో సెల్యులాయిడ్ బంతి పోయి ప్లాస్టిక్ బంతి వచ్చింది, స్పిన్ తగ్గింది, అప్పుడు చాలామంది ఇంకా గట్టి స్పాంజిలకి వెళ్లారు. దాన్ని కూడా సీజన్ల మధ్య ఖాళీలో చేస్తారు, ఒక వైపు మాత్రమే, బ్లేడు కదపకుండా. కొత్త రకం పెట్టాక మనం ముందు ఏం చేస్తాం? బాదుతాం. బాదితే ప్రతి కొత్త రబ్బరూ బ్రహ్మాండంగానే ఉంటుంది. నువ్వు ముందు సర్వీస్ రిటర్న్ చెయ్యి, పొట్టి పుష్ ఎంత ఎత్తు లేస్తోందో చూడు, బ్లాక్ చెయ్యి, సర్వీసులో రెండో టప్పా ఎక్కడ పడుతోందో చూడు. ఇవి రెండు వారాల్లో కుదరకపోతే ఆ రకం నీది కాదు.

పెద్దవాళ్ల విషయంలో ఒకప్పుడు మన దగ్గరే ఒక వింత జరిగింది. 1952లో బొంబాయిలో ప్రపంచ పోటీలు పెడితే, జపాన్ నుంచి హిరోజీ సాతో అని కళ్లజోడు మనిషి మందపాటి స్పాంజి బ్యాట్‌తో వచ్చి సింగిల్స్ ఎగరేసుకుపోయాడు. బంతి తగిలితే శబ్దమే రాదట, అంతవరకు శబ్దం విని ఆడేవాళ్లకి మతిపోయింది. నేను పుట్టకముందు సంగతి. కొత్త రబ్బరుతో గెలిచేయొచ్చని నీకు ఎవరైనా ఈ కథ చెబితే, ఇప్పుడు రబ్బర్లన్నీ ఇంటర్నేషనల్ ఫెడరేషన్ ఆమోదించిన జాబితాలోవే ఉండాలనీ, మ్యాచ్‌కి ముందు ఎదుటివాళ్లు నీ బ్యాట్ పట్టుకుని చూడొచ్చనీ చెప్పు. దాచిపెట్టడానికేం లేదు.

టోర్నమెంట్ కోసం అయితే ఇలా చెయ్యి. నువ్వు ఇప్పుడు వాడుతున్న రకమే, అదే మందంలో, కొత్తవి రెండు తెప్పించు. వచ్చిన రోజే ప్యాకెట్ విప్పి ఒక రోజంతా గాలికి ఉంచు. పోటీకి ఐదారు రోజుల ముందు అంటించు, కొత్త షీటు మొదటి రెండు రోజులు అదుపు తప్పినట్టు ఎగురుతుంది, తర్వాత దారికొస్తుంది. పాతది లాగేటప్పుడు చెక్క నారవెంట నెమ్మదిగా లాగు, తొందరపడితే చెక్క పేళ్లు లేచొస్తాయి. నీళ్ల గ్లూ మాత్రమే, బ్లేడుకి ఒక పూత, స్పాంజికి రెండు. తెల్లగా ఉన్నది పూర్తిగా పారదర్శకంగా అయ్యేదాకా ఆగు, విజయవాడ ఉక్కలో అరగంట కూడా పడుతుంది, డ్రయ్యర్ పెట్టి తొందరపెట్టకు. పిడి వైపు నుంచి పెట్టి, సాగదీయకుండా, అప్పడాల కర్రతో దొర్లించు. కంపెనీ ముద్ర పిడి దగ్గర కనబడేలా ఉండాలి, దాన్ని కోసేస్తే అంపైర్ ఊరుకోడు. ఎవడైనా స్పాంజిని ఉబ్బించే బూస్టర్ నూనె రాస్తే బాగుంటుందని చెబుతాడు, తప్పక చెబుతాడు. రబ్బరుకి ఏదీ రాయకూడదని రూల్ ఉంది, అదీకాక ఆ నూనె ఊపు తగ్గేకొద్దీ రోజుకో రకంగా ఆడుతుంది, నీకు ఇప్పుడు కావాల్సింది రోజూ ఒకేలా ఆడే బ్యాట్. ఆట అయ్యాక తడి స్పాంజితో తుడిచి రబ్బరు మీద ప్లాస్టిక్ ఫిల్మ్ వెయ్యి, కారులో ఎండలో వదిలెయ్యకు.

అంటించడం వరకు చెయ్యి కానీ అంచు మాత్రం కోయకు. ఆదివారం నేనొస్తున్నా, నా కత్తెర తెస్తా. మీ అమ్మ జాకెట్లు కుట్టే కత్తెర ముట్టుకున్నావంటే ఇద్దరికీ అన్నం పెట్టదు.

మీ మావయ్య