వయసు మళ్లిన ఎన్‌ఫోర్సర్‌కి జట్టులో ఇంకా చోటుందా?

లేదు. రీవ్స్ అంటే నాకు ఇష్టమే, అయినా లేదు.

ఎన్‌ఫోర్సర్ అంటే ఐస్ హాకీలో తోటి ఆటగాళ్ల తరఫున కొట్లాడటానికి జట్టులో పెట్టుకునేవాడు. అడిగినాయన సూటిగానే అడిగారు. 2023లో టొరంటో మేపుల్ లీఫ్స్ వాళ్లు ముప్పై ఆరేళ్ల ర్యాన్ రీవ్స్‌కి ఏడాదికి 13.5 లక్షల డాలర్ల చొప్పున మూడేళ్ల కాంట్రాక్టు ఎందుకిచ్చారు, గ్లవ్స్ పడేసి కొట్లాడటం తప్ప పెద్దగా ఏమీ చెయ్యని ఆటగాడు ఈ రోజుల్లో ఎవరికి పనికొస్తాడు అని. లెక్కలు చూపించి జవాబు చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్ల పని వాళ్లని చెయ్యనిద్దాం. నేను 2011 నుంచి టొరంటోలోని స్కార్‌బరోలో ఉంటున్నా. ఆరేళ్లుగా బీర్ లీగ్‌లో ఆడుతున్నా. ఉద్యోగాలు, పిల్లలు, పొట్టలు ఉన్నవాళ్లు ఆదివారం రాత్రి ఆడుకునే హాకీ అది. అందులో మాకూ ఒక రీవ్స్ ఉన్నాడు. నిజం చెప్పాలంటే ఆయన సంగతి రాయడానికే కూర్చున్నా.

ఆయనకి యాభై ఆరేళ్లు. లారీ డ్రైవరు, 401 హైవే మీదే సగం జీవితం. తొంభైల్లో అమెరికాలో చిన్న చిన్న ఊళ్ల జట్లకి ఆడాడు, ఎన్‌హెచ్‌ఎల్ అనే ఇక్కడి పెద్ద లీగ్ దాకా రాలేదు. ఆడాడు అని ఆయనే అనడు. "కొట్టడానికి పెట్టుకున్నారు" అంటాడు. పేరు రాయను, మేం పెద్దాయన అంటాం. తెలుగులోనే అంటాను నేను, మిగతావాళ్లకి కూడా అదే అలవాటైపోయింది. జట్టులో ఇద్దరు పంజాబీలు, ఒక చైనా కుర్రాడు, మిగతా అంతా ఇక్కడివాళ్లు. అందరి నోటా "పెద్దాయనా" అని వినపడుతుంటే నాకు భలే సంబరంగా ఉంటుంది.

2024 మార్చి 2, శనివారం. న్యూయార్క్ రేంజర్స్ టొరంటోకి వచ్చారు. వాళ్ల జట్టులో మ్యాట్ రెంపీ అని కొత్త కుర్రాడు, ఇరవై ఒక్కేళ్లు, ఆరడుగుల ఏడంగుళాల పైనే. ఫిబ్రవరి 18న మొదటి మ్యాచ్ ఆడాడు, బరిలోకి దిగిన మొదటి నిమిషంలోనే ఎదుటి జట్టు మ్యాట్ మార్టిన్‌తో కొట్లాట. అప్పటికి రెండు వారాలు కూడా కాలేదు, ఊరంతా వాడి పేరే. ఇక్కడ రీవ్స్‌కి ముప్పై ఏడు నిండాయి. ఆ వారం టీవీలో, రేడియోలో, ఆఫీసులో కాఫీ మెషీన్ దగ్గర ఒకటే మాట, రీవ్స్ వాడికి బుద్ధి చెప్తాడా లేదా అని. సంక్రాంతికి భీమవరం వైపు బరుల దగ్గర పుంజుల గురించి ఎలా మాట్లాడుకుంటారో అచ్చం అలాగే. బరువెంత, పొడుగెంత, కిందటిసారి ఎవడి మీద గెలిచింది. నా స్నేహితుడొకడు పందెం కూడా కాశాడు, ఇరవై డాలర్లు.

మేం పదిమందిమి ఒక బార్‌లో కూర్చున్నాం. వాళ్లిద్దరూ గ్లవ్స్ పడేశారు. బార్ మొత్తం లేచి నిలబడింది. నేనూ లేచాను, అబద్ధం ఎందుకు, గొంతు చించుకుని అరిచాను. రెఫరీ సహాయకులు, అదే లైన్స్‌మెన్, ఇద్దరూ పక్కన నిలబడి చూస్తున్నారు, ఒకడు పడిపోయేదాకానో అలిసిపోయేదాకానో వాళ్లు మధ్యలోకి రారు. మన ఊళ్లో ఇలా ఇద్దరు తన్నుకుంటుంటే కనీసం నలుగురు అడ్డం పడతారు.

పెద్దాయన లేవలేదు. టీవీ వంక చూస్తూనే ఉన్నాడు కానీ ముఖం చూడట్లేదు, రీవ్స్ కుడిచెయ్యి చూస్తున్నాడు. అయ్యాక రీవ్స్ శిక్ష పడ్డవాళ్లని కూర్చోబెట్టే పెనాల్టీ బాక్స్‌లో కూర్చుని చేతిని ఆడిస్తుంటే, "రేపు పొద్దున చొక్కా గుండీలు పెట్టుకోలేడు" అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. నాకు అప్పుడు గుర్తొచ్చింది, ఆయన ఎప్పుడూ జిప్ ఉన్న జాకెట్లే వేసుకుంటాడు.

ఆ చేతుల గురించి చెప్పాలి. కుడిచేతి చిటికెన వేలు, దాని పక్క వేలు పూర్తిగా ముడుచుకోవు. పిడికిలి బిగిస్తే ఆ రెండూ బయటే ఉండిపోతాయి. మెటికలు ఉండాల్సిన చోట ఎత్తుపల్లాలు లేకుండా చదునుగా, మెరుస్తూ ఉంటుంది చర్మం. ఎదుటివాడి హెల్మెట్ మీద, పళ్ల మీద పడీ పడీ అలా అయిపోయాయట. టిమ్ హోర్టన్స్ కాఫీ కప్పు మూత ఎడమచేత్తో తీస్తాడు. స్కేట్ లేసులు బిగించుకోలేడు. ప్రతి ఆదివారం డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవరో ఒకరు ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని లాగి కట్టాలి. ఎవరూ దాని గురించి మాట్లాడరు, ఎవరు దగ్గరుంటే వాళ్లు కట్టేస్తారు.

ఆ రాత్రి మ్యాచ్ షూటౌట్‌లో మా లీఫ్సే గెలిచారు. బార్‌లో ఒక్కడు కూడా గోల్స్ గురించి మాట్లాడలేదు.

ఇప్పుడు అభిమానుల వాదన. రీవ్స్ లాంటివాడు బెంచ్ మీద ఉంటే చాలు, ఎదుటి జట్టు మన స్టార్ల జోలికి రాదు అంటారు. వినడానికి బాగుంటుంది. 2023 నవంబరులో బోస్టన్‌లో ఏమైంది? వాళ్ల ఆటగాడు బ్రాడ్ మార్షాండ్ మా డిఫెన్స్ ఆటగాడు లిల్యెగ్రెన్ కాళ్లకి అడ్డం పడి పడేశాడు, కుర్రాడు గోడకి కొట్టుకుని కాలు విరగదీసుకున్నంత పనైంది, వారాల తరబడి ఆడలేదు. రీవ్స్ ఆ రాత్రి జట్టులోనే ఉన్నాడు. మార్షాండ్ భయపడ్డాడా? పోనీ తర్వాతైనా ఎవరైనా వాడి కాలర్ పట్టుకున్నారా? కోచ్‌కే చిర్రెత్తుకొచ్చింది. అదే మార్షాండ్ 2025లో ఫ్లోరిడా జెర్సీ వేసుకొచ్చి నాకౌట్ సిరీస్ ఏడో మ్యాచ్‌లో మమ్మల్ని మళ్లీ ఇంటికి పంపాడు, అది వేరే ఏడుపు. 1967 నుంచి స్టాన్లీ కప్పు, అంటే లీగ్ ట్రోఫీ, లేని ఊళ్లో ఉంటే ఏడుపులకి కొదవేం ఉంటుంది.

ఒక్క సంఘటన పట్టుకుని తీర్పు చెప్పేస్తున్నావంటారేమో. చెప్తా. ఎందుకంటే ఆట మారిపోయింది. 2005 తర్వాత జీతాల మీద పరిమితి వచ్చింది, ఎదుటివాణ్ణి కర్రతో కొక్కెం వేసి లాగడాన్ని రెఫరీలు ఊరుకోవట్లేదు, వేగం పెరిగింది. మ్యాచ్‌కి ఏడెనిమిది నిమిషాలు ఆడేవాడి కోసం ఒక సీటు, ఒక జీతం పక్కన పెట్టాలంటే జేబుకి బరువే. కొట్లాట మొదలెట్టినవాడికి అదనంగా పెనాల్టీ వేసే రూల్ 1992 నుంచే ఉంది, కాబట్టి కాపలావాడు వెళ్లి కొడితే మన జట్టే ఒక మనిషి తక్కువతో ఆడాలి. రీవ్స్ 2024-25లో 35 మ్యాచ్‌లు ఆడాడు. గోల్స్ సున్నా, వేరేవాళ్ల గోల్‌కి పాస్ అందించిన అసిస్టులు రెండు. మార్చిలో వేవర్స్ మీద పెట్టారు, అంటే కావాలన్న జట్టు తీసుకోవచ్చని వదిలారు, ఏ జట్టూ తీసుకోలేదు, కింది లీగ్‌లో మార్లీస్‌కి పంపారు. జూలైలో శాన్ హోసేకి ఇచ్చేశారు. రెంపీతో కొట్లాట రోజు లేచి నిలబడ్డవాళ్లే ఆఫీసులో "ఈ ముసలాడికి డబ్బులు దండగ" అన్నారు. పాముని పరాయివాడి చేత్తో కొట్టించాలన్న సామెత ఊరికే పుట్టలేదు. కొట్టినంతసేపూ చప్పట్లు, చెయ్యి వాచాక చేతులు దులుపుకోవడం.

రీవ్స్ ఉత్త మొద్దు కూడా కాదు. వాళ్ల నాన్న విల్లార్డ్ రీవ్స్ విన్నిపెగ్‌లో కెనడియన్ ఫుట్‌బాల్ (సాకర్ కాదు) హీరో, 1984లో ఆ లీగ్ మొత్తానికీ ఉత్తమ ఆటగాడు. 2018లో వేగస్ జట్టు మొదటి సీజన్‌లోనే ఫైనల్‌కి వెళ్లిందంటే, ఆ టికెట్ తెచ్చిన గోల్ రీవ్స్‌దే. అది కూడా పుట్టి పెరిగిన విన్నిపెగ్‌లో, విన్నిపెగ్ మీదే. అది ఎవరికి గుర్తుంది?

నేను టొరంటోలో దిగింది 2011 ఆగస్టు ఆఖరి వారం. నాకు అప్పుడు హాకీ అంటే ధ్యాన్‌చంద్ ఒక్కడే తెలుసు. బేస్‌మెంట్‌లో అద్దెకి దిగి, ఇంకా పరుపు కూడా కొనుక్కోలేదు. మా ఇంటి ఓనరు టీవీ ముందు కూర్చుని కళ్లు తుడుచుకుంటున్నాడు. వేడ్ బెలాక్ అని మాజీ లీఫ్స్ ఆటగాడు, 35 ఏళ్లు, ఇక్కడ టొరంటోలోనే చనిపోయాడని వార్త. ఆ వేసవిలో మూడోవాడు. మే నెలలో డెరెక్ బూగార్డ్, 28 ఏళ్లు, నొప్పి మాత్రలూ మందూ కలిసి. ఆగస్టు మధ్యలో రిక్ రిపియన్, 27. ముగ్గురూ కొట్లాడేవాళ్లే. బూగార్డ్ మెదడుని బోస్టన్ యూనివర్సిటీ డాక్టర్లు పరీక్షిస్తే, తలకి దెబ్బలు తగిలీ తగిలీ వచ్చే జబ్బు అప్పటికే బాగా ముదిరి ఉంది. ఈ దేశంలో నేను హాకీ గురించి విన్న మొట్టమొదటి వార్త బెలాక్ చావే. తర్వాత నాకు ఆట పిచ్చి పట్టింది, టికెట్లు కొన్నా, కొట్లాటలకి అరిచా. ఆ ఓనరు ముఖం మర్చిపోయా. బార్‌లో పెద్దాయన ముఖం చూశాకే మళ్లీ గుర్తొచ్చింది.

    

మా జట్టు సంగతికొస్తా. బీర్ లీగ్‌లో కొట్లాట నిషిద్ధం, చెయ్యెత్తితే మ్యాచ్ నుంచి గెంటేస్తారు, పైన సస్పెన్షన్. కాబట్టి పెద్దాయన వచ్చిన పని మా దగ్గర అసలు లేనే లేదు. స్కేటింగ్ నెమ్మది. వెనక్కి తిరిగేలోపు ఎదుటివాళ్లు మా గోల్ దగ్గరుంటారు. కిందటి సీజన్ వరసగా ఆరు ఓడిపోయాం, ఆరింటిలోనూ ఆఖరి గోల్ ఆయన వైపు నుంచే. ఏప్రిల్లో ఎవరో వాట్సాప్ గ్రూపులో పోల్ పెట్టారు: వచ్చే సీజన్‌కి డిఫెన్స్‌లో కుర్రాణ్ణి తెచ్చుకుందామా, పెద్దాయన్ని ఉంచుకుందామా. గ్రూపులో ఆయన కూడా ఉన్నాడన్న సంగతి పెట్టినవాడికి తట్టలేదు. తట్టాక తీసేయబోయాడు, అప్పటికే ఎనిమిది ఓట్లు పడ్డాయి.

అందులో ఒకటి నాది. కుర్రాడికే వేశాను.

తప్పు చేశానని ఇప్పటికీ అనుకోవట్లేదు. లీఫ్స్‌కి ఏ న్యాయం చెప్తున్నానో మా జట్టుకీ అదే. కానీ వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో పేర్లతో సహా కనిపిస్తుందని అందరికీ తెలుసు. ఆ ఆదివారం నేను డ్రెస్సింగ్ రూమ్‌లోకి వెళ్లేసరికి ఆయన ఒక్కడే ఉన్నాడు. నేను బ్యాగు విప్పుతూ ఏవో మాటలు వెతుక్కుంటున్నా. ఆయన కాలు చాపాడు. వెళ్లి కట్టాను. "ఇంకా గట్టిగా. ఓటేసినంత గట్టిగా లాగు" అన్నాడు, ఇద్దరం నవ్వాం, నాది ఏడుపు నవ్వు. తర్వాత తనే చెప్పాడు, వచ్చే సీజన్ ఆడనని జనవరిలోనే అనుకున్నాడట, ఎవరైనా అడుగుతారేమోనని చూస్తున్నాడట. పాతికేళ్ల వయసులో ఒక జట్టు ఆయన్ని తీసేసినప్పుడు లాకర్ మీద పేరున్న టేపు పీకేసి ఉందట, అంతే, ఎవరూ ఏమీ చెప్పలేదు. "మీరు నయం, పోల్ పెట్టారు" అన్నాడు.

అందుకే చోటు లేదంటున్నప్పుడు నాకు రీవ్స్ మీద కాదు కోపం, మూడేళ్ల కాంట్రాక్టు ఇచ్చి రెండో ఏడాదికే ఆడనివ్వకుండా సూటు వేసి పైన ప్రెస్ బాక్స్‌లో కూర్చోబెట్టినవాళ్ల మీద. ముప్పై ఆరేళ్లవాడికి మూడేళ్లలో ముప్పై తొమ్మిది వస్తాయని లెక్క తెలియకనా? అవసరం లేకపోతే మొదటే తీసుకోవద్దు. తీసుకున్నాక ఆడించండి, ఓడిపోతే ఓడిపోండి, అది మనకి కొత్తేం కాదు.

పెద్దాయన ఇప్పుడు బెంచ్ వెనక నిలబడి మాకు కోచ్‌లా ఉన్నాడు, ఆడినప్పటికంటే అక్కడే ఎక్కువ తిడుతున్నాడు. మేం తెచ్చుకున్న కుర్రాడు రెండు వారాలాడి ఉద్యోగం వచ్చి వాంకూవర్ వెళ్లిపోయాడు. ఐస్ రింకు మళ్లీ ఆదివారం రాత్రి పదకొండుంబావుకే ఇచ్చారు, సోమవారం ఆఫీసులో కునికిపాట్లు తప్పవు. స్కార్‌బరో, మార్కమ్ వైపు డిఫెన్స్ ఆడే తెలుగువాళ్లు ఎవరైనా ఉంటే కింద కామెంట్ పెట్టండి. హెల్మెట్, ప్యాడ్లు మీవే తెచ్చుకోవాలి.