శత్రు సామ్రాజ్యాల వారసులను దాయాదులనవచ్చునా?

సందేహం: నేనొక అంతరిక్ష సాహస నవల రాస్తున్నాను. గ్రహాలనూ నక్షత్రాలనూ ఆక్రమించుకొని ఏలుతున్న రెండు సామ్రాజ్యాల నడుమ తరతరాల వైరం నడుస్తుంటుంది. ఒక సింహాసనం దక్కవలసిన కొడుకు, రెండో సింహాసనం దక్కవలసిన కూతురు ప్రేమించుకుంటారు. రాతప్రతి చదివిన మిత్రుడొకరు ‘వారసుడు’ అరబ్బీ మాట అనీ, ‘సామ్రాజ్య వారసుడు’ సంస్కృత పదాన్ని అన్యభాషా పదంతో కలిపిన వైరి సమాసమనీ తప్పుపట్టి, వాళ్లిద్దరినీ ‘దాయాదులు’ అనమన్నారు. ‘దాయ’కు శత్రువనే అర్థమూ ఉంది కనుక ఒక్క మాటలోనే వారసత్వమూ వైరమూ వచ్చేస్తాయని ఆయన వాదన. ఇది సమంజసమేనా? నాయికను ‘యువరాణి’ అనవచ్చునా? ఆమె తండ్రిని ‘ఏడు గ్రహాల సార్వభౌముడు’ అని రాశాను, సరిపోతుందా? ‘అంతరిక్షం’ ఒప్పా, ‘అంతరీక్షం’ ఒప్పా?

సమాధానం: మీ మిత్రుడు నిఘంటువు చూశారు గాని వాడుకను చూడలేదు. దాయాదులు అనగానే తెలుగువారికి స్ఫురించేది ఒకే మూలపురుషుని సంతతి, ఒకే గోత్రం, ఒకే ఇంటిపేరు. ఆ వరుసలో సమవయస్కులైన ఆడపిల్లా మగపిల్లవాడూ అక్కాతమ్ముళ్లో అన్నాచెల్లెళ్లో అవుతారు. నవల మొదటి పుటలోనే నాయికా నాయకులను దాయాదులని పరిచయం చేస్తే, పాఠకుడికి కనిపించేది శత్రువుల ప్రేమ కాదు, వరుస తప్పిన ప్రేమ. ఈ ఒక్క కారణం చాలు, ఆ సలహాను పక్కన పెట్టడానికి.

అయితే ఆ మాట చరిత్ర మాత్రం మీ కథకు ఎంతో దగ్గరిది. దాన్ని కొంత విస్తరించి చెప్పకుండా ఉండలేను. దాయం అంటే పిత్రార్జితంలో పంచుకోదగిన సొత్తు. సొత్తు గలవానితో ఉన్న సంబంధం ఒక్కటే కారణంగా మరొకరి సొంతమయ్యే ధనాన్ని దాయమంటారని విజ్ఞానేశ్వరుడు మితాక్షర అనే ధర్మశాస్త్ర వ్యాఖ్యలో నిర్వచించాడు. ఆ దాయాన్ని తీసుకొనేవాడు దాయాదుడు. ‘దాయాదౌ సుతబాంధవౌ’ అని అమరకోశం ఆ మాటకు కొడుకు, బంధువు అనే రెండర్థాలే ఇచ్చింది గాని శత్రువని చెప్పలేదు. తెలుగులోకి వచ్చి ‘దాయ’గా కురచబడిన తరువాత దానికి జ్ఞాతి, అంటే తండ్రి వైపు బంధువు, అనే అర్థం నిలిచి, దాని వెంటనే పగవాడు అనే అర్థమూ చేరింది. పాచికల ఆటలోని ‘దాయం’తో మనకిక్కడ పని లేదు.

పంచుకోవలసినవాడు పగవాడెలా అయ్యాడో తెలియాలంటే ఉద్యోగపర్వం చదవాలి. అక్కడ పాండవులడిగినది పరరాజ్యం కాదు, తమ పాలు, అంటే తమ వాటా. అదీ దక్కదని తెలిసి అయిదూళ్లకు దిగివచ్చారు. సూదిమొన మోపినంత నేలైనా ఇవ్వనన్నవాడు అన్యుడు కాడు, పెదతండ్రి కొడుకు. ఇరుపక్షాలకూ ఒకే దాయం మీద హక్కు ఉన్నందువల్లనే ఆ యుద్ధం వచ్చింది. ఆ పర్వాన్ని తెలుగు చేసిన తిక్కన ఆశ్రయించిన నెల్లూరు రాజు మనుమసిద్ధి కూడా జ్ఞాతుల చేతిలోనే రాజ్యం కోల్పోయాడనీ, దాన్ని తిరిగి ఇప్పించమని కోరడానికి తిక్కన స్వయంగా కాకతీయ గణపతిదేవుని వద్దకు వెళ్లాడనీ సిద్ధేశ్వర చరిత్రము చెబుతున్నది. దాయల పోరు ఆ కవికి పుస్తకాల్లోనిది మాత్రమే కాదు.

ఈ అర్థపరిణామం తెలుగువారి ప్రత్యేకత అనుకోవలసిన పని కూడా లేదు. సంస్కృతంలో భ్రాతృవ్యుడంటే సోదరుని కొడుకు, శత్రువు కూడా. పాణిని ‘భ్రాతుర్వ్యచ్చ’ అని మొదటి అర్థానికి ఒక సూత్రం చేసి, ఆ వెంటనే ‘వ్యన్ సపత్నే’ అని రెండో అర్థానికి వేరే ప్రత్యయం విధించాడు. పలుకులో తేడా అల్లా స్వరంలోనే, అంటే అక్షరాన్ని ఎత్తి పలకడంలోనే. ఆ సూత్రంలో శత్రువుకు ఆయన వాడిన ‘సపత్న’ శబ్దాన్నే చూడండి. ఒకే భర్తను పంచుకొనే స్త్రీ సపత్ని, మన సవతి. ఆమె వంటివాడు గనుక శత్రువు సపత్నుడయ్యాడని పాణిని సూత్రాల వ్యాఖ్య అయిన కాశికలో ఒక పక్షం కనిపిస్తుంది. అంటే పురుషుల వైరానికి పేరు స్త్రీల సవతి పోరు నుంచి వచ్చిందన్నమాట. మన ‘పాలివాడు’ కూడా పాలు గలవాడే. తెలంగాణలో నేటికీ పాలోళ్లంటే దాయాదులే. కాని ఆ అచ్చతెనుగు మాటకు శత్రువనే అర్థం అంటుకోలేదు. ఎందుకు అంటుకోలేదన్నది ఎవరైనా పరిశోధించదగిన విషయం.

మీ ఇతివృత్తానికి నేను చూపగల అత్యుత్తమమైన ఒరవడి పింగళి సూరన ప్రభావతీప్రద్యుమ్నం. కథ హరివంశంలోనిది. వజ్రనాభుడనే దానవుడు ఇంద్రుని వద్దకు వచ్చి, లోకం కశ్యపుని సంతానమంతటికీ ఉమ్మడి సొత్తు కనుక తానూ ఏలుతానంటాడు. యుద్ధానికి రమ్మని కాదు, దాయం పంచమని అడుగుతున్నాడని గమనించండి. దేవతలూ దానవులూ సవతి తల్లుల బిడ్డలే కదా! తండ్రి కశ్యపుడు చేస్తున్న యజ్ఞం ముగిసేదాకా ఆగమని ఇంద్రుడు కాలయాపన చేస్తాడు. ఆ వ్యవధిలోనే వజ్రనాభుని కూతురు ప్రభావతి, ఇంద్రునికి అండగా నిలిచిన కృష్ణుని కొడుకు ప్రద్యుమ్నుని మీద మనసు పడుతుంది. అనుమతి లేనిదే ఎవరూ అడుగుపెట్టలేని వజ్రపురంలోకి అతడు నటుల బృందంతో కలిసి వేషధారిగా ప్రవేశిస్తాడు. ఇరువురి మధ్య రాయబారం నడిపినది శుచిముఖి అనే హంస. ఆ హంసకు సూరన ఇచ్చిన బిరుదు ‘ఉపమాతిశయోక్తి కామధేనువు’. శత్రువు కోట, ఆకాశగమనం, మారువేషం, చాటుమాటు ప్రేమ, చివరకు మామా అల్లుళ్ల యుద్ధం, అన్నీ 16వ శతాబ్దపు తెలుగు ప్రబంధంలో ఉండగా, ఈ జాతి కథలు మనకు కొత్తవని కొందరు యువరచయితలు అనడం బాధ కలిగిస్తుంది. హరివంశంలో వజ్రనాభుని రాజ్యం చివరికి నాలుగు పాళ్లయి, అందులో ఒకటి ప్రద్యుమ్నుని కొడుక్కు దక్కింది. తాత పంచమని అడిగినది స్వర్గం, మనుమడికి పాలుగా వచ్చినది ఆ తాత రాజ్యమే. మీ నవల ముగింపు నాకు తెలియదు గాని, దాయం ఇక్కడ ఎటు తిరిగిందో ఒకసారి ఆలోచించి చూడండి.

ఇక నేటి వాడుక. భారత, పాకిస్తాన్ జట్లు తలపడితే పత్రికలు ‘దాయాదుల పోరు’ అని రాస్తాయి. 1947లో ఉమ్మడి సొత్తును పంచుకొన్న రెండు దేశాలు గనుక అది చక్కగా అతికిన ప్రయోగం. ఆ అతుకు తెలియకుండా, ఏ ఇద్దరు పోటీపడినా దాయాదులనడం మాత్రం మాటను అరగదీయడమే. మీ రెండు సామ్రాజ్యాలూ పూర్వం ఒక్కటిగా ఉండి చీలినవైతే వాటిని దాయాది రాజ్యాలనండి, అభ్యంతరం లేదు. ప్రేమికులను మాత్రం అనకండి.

‘వారసుడు’ నిక్షేపంగా వాడండి. అరబ్బీ మూలం నుంచి పారసీ, ఉర్దూల మీదుగా కచేరీ భాషలోకి వచ్చి, డుప్రత్యయం చేర్చుకొని, వారసురాలు అనే స్త్రీలింగ రూపం కూడా సంపాదించుకొన్న మాటను ఇప్పుడు పరాయిదనడం న్యాయం కాదు. దాని మీద సంస్కృత ప్రత్యయం పెట్టి ‘వారసత్వం’ అని నిస్సంకోచంగా రాస్తూనే, ‘వారసుడు’ దగ్గర మడి కట్టుకోవడం ఎందుకో బోధపడదు. వైరి సమాసమన్న ఆక్షేపణలో మాత్రం కొంత నిజముంది. ‘సామ్రాజ్యపు వారసుడు’ అనో ‘సామ్రాజ్యానికి వారసుడు’ అనో రాస్తే ఆ చిక్కు తొలగిపోతుంది. సామ్రాజ్యాలకు విశేషణంగా ‘వైరి’, ‘శత్రు’ రెండూ సంస్కృత పదాలే కనుక పొసగుతాయి. ‘ప్రత్యర్థి’ మొదట న్యాయ వ్యవహారంలో అర్థికి, అంటే వాదికి, ఎదురు నిలిచే ప్రతివాది. తరతరాల రక్తపాతానికి అది కాస్త చల్లని మాట.

‘యువరాణి’ విషయంలో నా మనసు పూర్తిగా ఒప్పుకోదు. యువరాజు అన్నది పుట్టుకతో వచ్చే పేరు కాదు, అభిషేకంతో వచ్చే పదవి. సుగ్రీవుడు రాజైనప్పుడు యువరాజైనవాడు అతని కొడుకు కాదు, వాలి కొడుకు అంగదుడు. అందువల్ల రాజు కన్న ప్రతి ఆడపిల్లనూ యువరాణి అనే నేటి అలవాటు సరైనది కాదు, రాకుమారి అంటే సరిపోతుంది. మీ నాయిక సింహాసనానికి అధికారికంగా నిర్ణయింపబడిన స్త్రీ. కాకతీయ రుద్రమదేవి శాసనాలలో ‘రుద్రదేవ మహారాజు’ అని పురుషనామంతో కనిపించడాన్ని బట్టి, ఏలుబడి చేసే స్త్రీకి తగిన పదం ఆనాడే కొరవడిందని ఊహించవచ్చు. ‘యువరాజ్ఞి’ అనవచ్చునేమో గాని అది యువరాజు భార్య అనే అర్థాన్ని కూడా వెంటపెట్టుకొని వస్తుంది. పట్టాభిషేక ఘట్టం కథలో ఉంటే, ఆ తరువాతి పుటల్లో యువరాణి అన్నా నేను తప్పుపట్టను.

నాయిక తండ్రి ‘సార్వభౌముడు’ సర్వభూమికీ ప్రభువు. భూపతి, మహీపాలుడు, పార్థివుడు, క్షితీశుడు, మన రాజవాచకాలలో అధికభాగం ఈ నేలకే కట్టుబడినవి. ఏడు గ్రహాలు ఏలేవానికి సమ్రాట్టు గాని చక్రవర్తి గాని మేలు.

అంతరిక్షం, అంతరీక్షం రెండూ సాధువులే. భూమికీ ద్యులోకానికీ నడుమ నిలిచినదని నిరుక్తంలో వేదపదాలను వివరించిన యాస్కుడు దానికి వ్యుత్పత్తి చెప్పాడు. ఆ లెక్కన నక్షత్రాల ఆవలి శూన్యానికి అది చెల్లుతుందా అని ప్రశ్నించవచ్చు గాని, వాడుక స్థిరపడిపోయింది. హ్రస్వరూపమే ఎక్కువ ప్రచారంలో ఉన్నది కనుక నవల పొడుగునా దాన్నే వాడండి.