లినక్స్ సందేహాలు: డ్రైవర్ వేశాక 1024×768లోనే ఆగిపోయింది

ప్రశ్న: ఉబుంటు 24.04లో ఎన్విడియా డ్రైవర్ వేసి రీస్టార్ట్ చేశాను. మధ్యలో నీలం తెర వస్తే ఎంటర్ కొట్టేశాను. అప్పటి నుంచి ఫుల్ హెచ్‌డీ మానిటర్ 1024×768 దాటడం లేదు. సెట్టింగ్స్‌లో వేరే రిజల్యూషనే లేదు. కార్డు పోయిందా?

జవాబు: కార్డుకేమీ కాలేదు. చిక్కు ఆ నీలం తెర దగ్గరే వచ్చింది. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉంటే, తాను నమ్మే కీతో సంతకం చేసిన మాడ్యూల్‌నే (డ్రైవర్ ముక్కనే) లినక్స్ గుండెకాయ అయిన కెర్నెల్ లోడ్ చేసుకుంటుంది. మీ పీసీలో డీకేఎంఎస్ (కెర్నెల్‌కు తగ్గట్టు మాడ్యూళ్లు కట్టే సాధనం) తయారుచేసిన ఎన్విడియా మాడ్యూల్‌కు సంబంధించిన కీని ఆ తెరలోనే నమోదు చేయాలి. ఎంటర్ కొట్టేసరికి పైనున్న ‘కంటిన్యూ బూట్’ పనిచేసి, నమోదు జరగకుండానే పోయింది. డ్రైవర్ ప్యాకేజీ అప్పటికే నూవో అనే ఓపెన్‌సోర్స్ డ్రైవర్‌ను ఆపేసి ఉంటుంది కాబట్టి ఇప్పుడు కార్డుకు ఏ డ్రైవరూ లేదు.

ముందు ఖాయం చేసుకోండి. టెర్మినల్లో ‘సుడో మోడ్‌ప్రోబ్ ఎన్విడియా’ కొట్టండి. ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వస్తే సమస్య ఇదే. ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ అంటే మాడ్యూలే తయారు కాలేదు. మీరు వాడుతున్న కెర్నెల్‌కు సరిపోయే లినక్స్-హెడర్స్ ప్యాకేజీ వేసి, డ్రైవర్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి.

మొదటిదైతే మోక్‌ను (మీరు నమోదు చేయాల్సిన ఆ కీని) సిద్ధం చేయాలి: ‘సుడో మోక్‌యుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/షిమ్-సైన్డ్/మోక్/మోక్.డీఈఆర్’ కొట్టండి (ఫైల్ పేరులో మోక్ మూడక్షరాలూ పెద్దబడి). ఒక తాత్కాలిక పాస్‌వర్డ్ అడుగుతుంది. దాన్ని మళ్లీ అడిగే నీలం తెరలో కీబోర్డు అమెరికన్ లేఅవుట్‌లోనే ఉంటుంది కనుక గుర్తులు వద్దు, అక్షరాలూ అంకెలూ చాలు. రీస్టార్ట్ చేయండి. నీలం తెర 10 సెకన్లే ఆగుతుంది, పక్కనే ఉండండి. ఏదైనా కీ నొక్కి, కింది బాణంతో ‘ఎన్‌రోల్ మోక్’, తర్వాత కంటిన్యూ, యస్, పాస్‌వర్డ్, రీబూట్. లోపలికి వచ్చాక ‘ఎన్విడియా-ఎస్ఎంఐ’ కొడితే కార్డు పేరు కనిపించాలి.

ఈలోగా ఎక్స్‌ర్యాండర్‌తో (రిజల్యూషన్ మార్చే ఆదేశంతో) కుస్తీ పట్టకండి. డ్రైవరే లేనప్పుడు కొత్త మోడ్ ఎక్కదు. కంపెనీ సైట్ నుంచి దించుకునే ‘.రన్’ ఫైల్ జోలికీ వెళ్లొద్దు. ఉబుంటు ప్యాకేజీతో కలిస్తే రెండూ చెడతాయి.

ప్రశ్న: ఇంటెల్ గ్రాఫిక్స్. వీజీఏ కన్వర్టర్ పెట్టాక 1920×1080 రావడం లేదు.

జవాబు: మానిటర్ తన వివరాలు చెప్పే ఈడీఐడీ సమాచారం కన్వర్టర్ దాటి రావడం లేదేమో. ముందు కేబుల్, కన్వర్టర్ మార్చి చూడండి. అప్పటికీ రాకపోతే, ఉబుంటు 24.04లో అయితే లాగిన్ తెర మీది పళ్లచక్రం గుర్తులో ‘ఉబుంటు ఆన్ ఎక్సార్గ్’ ఎంచుకోండి; ఎక్సార్గ్ తెరను నడిపే పాత పద్ధతి, మామూలుగా వచ్చే కొత్త పద్ధతి వేలాండ్‌లో ఈ చిట్కా పనిచేయదు. ‘సీవీటీ 1920 1080’ ఆదేశం ఇచ్చే వరుసలో ‘మోడ్‌లైన్’ మాట తర్వాతి పేరునూ, 173.00తో మొదలయ్యే మిగతా భాగాన్నీ ఎక్స్‌ర్యాండర్ న్యూమోడ్‌తో చేర్చి, యాడ్‌మోడ్‌తో మీ పోర్టుకు తగిలించండి. లాగౌట్ అయితే పోతుంది. నిలవాలంటే ఆ ఆదేశాలనే హోమ్‌లోని ‘.ఎక్స్‌ప్రొఫైల్’ ఫైల్లో రాసుకోండి.