సమాధానం: వెలుగు దేవుడికి ఎదురెవరు?

మీరు రాస్తున్న కథలో లోకాన్ని సృష్టించిన వెలుగు దేవుడు సర్వశక్తిమంతుడు కాబట్టి, చీకటి ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలక కథ ఆగిపోయిందని రాశారు. దయచేసి అతని బలం మాత్రం తగ్గించకండి, మీ పురాణానికి అందమే అది.

చీకటిని బయటి నుంచి తేవద్దు, సృష్టిలోంచే పుట్టించండి. అతనొక్కడే ఉన్నప్పుడు నీడ అనేదే లేదు. మొదటి కొండను నిలబెట్టాడు, దాని వెనక మొదటి నీడ పడింది. చూద్దామని అటు వెళ్తే నీడ ఇటు జరిగింది. వెలుగుకు నీడ ఎప్పటికీ కనబడదు కదా! అంటే తను చేసిన ప్రతిదానికీ తను చూడలేని పక్క ఒకటుంది. మీ ప్రతినాయకుడు పెరగాల్సింది అక్కడే. దీపం కింద చీకటి అని మనం ఊరికే అనలేదు.

ఇక పోరాటం సంగతి. ప్రాచీన ఈజిప్టువాళ్ల సూర్యదేవుడు రా కూడా సృష్టికర్తే. అయినా రోజూ రాత్రి 12 గంటలు పడవలో పాతాళం దాటాలి, దారికాచిన అపెప్ అనే మహాసర్పాన్ని ఓడించాలి. అప్పుడే తెల్లవారుతుంది. మర్నాడు మళ్లీ అదే పోరు. దేవుడు గొప్పవాడే, కానీ ఏ గెలుపూ చివరిది కాదు. టెన్షన్ అక్కణ్ణుంచే వస్తుంది.

మీ మొదటి అధ్యాయంలో పూజారి దీపాలు వెలిగిస్తున్నాడన్నారు. గర్భగుడిలో నీడ పడకుండా నాలుగు మూలలా దీపాలు పెట్టించండి. ఒక రాత్రి ఒకటి కొండెక్కుతుంది. గోడ మీద పూజారి నీడ లేస్తుంది. కథ అక్కడ మొదలుపెట్టి చూడండి.