రోజంతా అవే అడ్రసులు కొట్టడం తప్పాలంటే ముందు మౌస్ జోలికి వెళ్లకండి

విజయనగరంలో బిల్లింగ్ పని చేస్తున్నాను, రోజుకు వందసార్లు అవే పేర్లు, అవే అడ్రసులు, వేళ్లు లాగేస్తున్నాయి, ప్రోగ్రామింగ్ రాదు, ఆ పని కంప్యూటరే చేసేలా స్క్రిప్ట్ (రాసిపెట్టే ఆదేశాల ఫైలు) పెట్టుకోగలనా అని అడిగారు. పెట్టుకోగలరండీ. నేనూ ప్రోగ్రామింగ్ చదువుకోలేదు, శ్రీకాకుళంలో నెట్ సెంటర్ నడుపుతాను, పొద్దున్న సిస్టమ్ ఆన్ చేయగానే మొదట చూసేది ఆటోహాట్‌కీ, అంటే మన బదులు కీలు నొక్కిపెట్టే ప్రోగ్రామ్, నడుస్తోందా లేదా అనే.

అది ఉచితం, విండోస్‌లో మాత్రమే పనిచేస్తుంది. 2022 డిసెంబరులో రెండో వెర్షన్ వచ్చింది, అందులో కోడ్ రాసే తీరు పాతదానిలా ఉండదు, ఎక్కడో చూసిన పాత కోడ్ తెచ్చి అతికిస్తే ఎర్రర్ చూపిస్తుంది. ముందు అది ఏ వెర్షన్‌దో చూసుకోండి.

మొదలుపెట్టాల్సింది పొట్టి పేర్లతో. నోట్‌ప్యాడ్‌లో రెండు కోలన్లు, పొట్టి పేరు, మళ్లీ రెండు కోలన్లు, ఆ పక్కనే పూర్తి అడ్రసు. ఒక అడ్రసుకు ఒక లైను. ఫైలును ఏహెచ్‌కే ఎక్స్‌టెన్షన్‌తో (పేరు చివర .ahk అని) సేవ్ చేసి డబుల్ క్లిక్ చేయండి. నేను ఆర్, జె, ఎమ్ అని కొట్టి స్పేస్ నొక్కితే రాజాం, జిల్లా, పిన్ 532127 అన్నీ పడిపోతాయి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడదీసినప్పుడు రాజాం విజయనగరం జిల్లాలోకి వెళ్లింది, పిన్ మాత్రం పాతదే, దాంతో ఎంత జాగ్రత్తగా ఉన్నా చేయి అలవాటు కొద్దీ శ్రీకాకుళం జిల్లా అని కొట్టేసేది. స్క్రిప్టులో ఆ ఒక్క మాట మార్చాక ఆ తప్పు మళ్లీ రాలేదు. పొట్టి పేరుగా మాత్రం మీరు మామూలుగా వాడే మాట పెట్టకండి, బిల్ అని పెడితే ఆ మాట కొట్టిన ప్రతిసారీ అడ్రసు ఊడిపడుతుంది. తెలుగు అక్షరాలుంటే సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ దగ్గర యూటీఎఫ్-8 (UTF-8) ఎంచుకోండి.

ఇక స్క్రిప్టుతో మౌస్ క్లిక్ చేయించే సంగతి. స్క్రిప్టుకు బటన్ కనిపించదు, అడ్డంగా ఇంత, నిలువుగా ఇంత అనే అంకెలే తెలుసు. జూమ్ మారినా, పేజీ పైన ఏదో నోటీసు వచ్చి అంతా కిందికి జరిగినా క్లిక్ ఇంకోచోట పడుతుంది. ఓ దరఖాస్తు ఆఖరి తేదీ నాడు నెట్ నత్తలా ఉంది, నేను రెండు సెకన్లు ఆగు అని మాత్రమే రాసుకున్నాను, ఆలోపు పాత పేజీ పోలేదు, క్లిక్ వెళ్లి సబ్మిట్ మీద పడింది. ఒకమ్మాయి దరఖాస్తు అంతకుముందు వచ్చినవాళ్ల తండ్రి పేరుతో వెళ్లిపోయింది. సరిచేయించడానికి మూడు రోజులు తిరిగాం, ఆ మూడు రోజులూ ఆ పిల్ల ముఖం చూడలేకపోయాను. అప్పటి నుంచి సబ్మిట్, ఓటీపీ, డబ్బు కట్టడం నా చేత్తోనే. బాక్సు నుంచి బాక్సుకు వెళ్లడానికి ట్యాబ్ కీ పంపిస్తాను, అది మౌస్ కన్నా ఎంతో నమ్మకం. ఎస్కేప్ నొక్కితే స్క్రిప్ట్ ఆగిపోయేలా ఒక లైను కూడా పెట్టుకోండి, ఇది తప్పనిసరి.

రోజూ దానంతటదే మొదలవ్వాలంటే ఫైలు షార్ట్‌కట్‌ను స్టార్టప్ ఫోల్డర్‌లో వేయండి. ఆఫీసు సిస్టమ్ అయితే ముందు మీ ఓనరు గారిని అడగండి.

ఒక బిల్లుకు ట్యాబ్ ఎన్నిసార్లు నొక్కుతున్నారో, ఏ బాక్సు తర్వాత ఏది వస్తుందో రాసి పెట్టండి, ఆ లైన్లు నేను రాసిస్తాను.