బెంగళూరు బాల్కనీలో అమరిల్లిస్ గడ్డలు కుళ్లిపోతుంటే

ఆన్‌లైన్‌లో తెప్పించిన నాలుగు అమరిల్లిస్ గడ్డల్లో రెండు కుళ్లిపోయాయి, మిగతా రెండింటికి ఆకులే తప్ప పువ్వు లేదు, ఈసారి ట్యులిప్ వేద్దామా అని మీరు అడిగారు. ముందు ట్యులిప్ సంగతి చెప్పేస్తాను. వద్దండి. దానికి 12 నుంచి 14 వారాలు 9 డిగ్రీల లోపు చలి కావాలి. శ్రీనగర్‌లో విరగబూస్తోందంటే అక్కడి శీతాకాలం పుణ్యమే. మన జనవరి రాత్రులు దానికి ఏ మూలకూ చాలవు. నేనూ ఒకసారి గడ్డల్ని ఫ్రిజ్‌లో పెట్టి చూశాను, ఆపిల్ పళ్ల పక్కనే. పళ్ల నుంచి వచ్చే ఎథిలీన్ అనే వాయువు లోపలి మొగ్గను చంపేస్తుందని తర్వాత తెలిసింది. మూడు ఆకులొచ్చాయి, అంతే.

ఇక అమరిల్లిస్. మాది మదనపల్లె, బెంగళూరు వచ్చి పదకొండేళ్లయింది. మొదటి ఏడాది నాకూ మీలాగే అయింది. రోజూ పొద్దున నాకు కాఫీ, దానికి చెంబెడు నీళ్లు. ఒకరోజు ఆకు పట్టుకుంటే ఊడి చేతికొచ్చింది. కుండీ బోర్లిస్తే గడ్డ గోధుమరంగు ముద్దలా ఉంది, చెడిపోయిన ఎర్రగడ్డ కంపు. కుండీకి చిల్లు ఉంది గానీ, బాల్కనీ మురికి కాకూడదని కింద పెట్టిన ప్లేటులో నీళ్లు ఎప్పుడూ నిలిచే ఉండేవి. ఆ ప్లేటే ముంచింది.

ఇప్పుడు ఎర్రమట్టి ఒక పాలు, ఇసుక ఒక పాలు, వర్మీకంపోస్ట్ ఒక పాలు, పైన గుప్పెడు వేపపిండి కలుపుతున్నాను. కోకోపీట్, అంటే కొబ్బరిపీచు పొడి, వేయను. మన సెప్టెంబరు, అక్టోబరు వానల్లో అది తడి ఆరనే ఆరదు. గడ్డలో మూడోవంతు, మెడతో సహా, మట్టి పైనే ఉండాలి. మొత్తం పూడ్చేస్తే మెడలో నీరు దిగి అక్కడే కుళ్లు మొదలవుతుంది. కుండీ కూడా గడ్డకు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు ఖాళీ ఉంటే చాలు.

పువ్వు ఎందుకు రాలేదంటే, ఒకసారి గడ్డ సైజు చూడండి. నిమ్మకాయంత ఉంటే ఇంకా ఒకటి రెండేళ్లు ఆకులే. టెన్నిస్ బంతి అంత ఉండీ పూయలేదంటే ఎండ చాలలేదు, లేదా దానికి నిద్ర, అంటే నీళ్లు లేని విశ్రాంతి, లేదు. నేను దీపావళి అయ్యాక కుండీలను వాన పడని మూలకు జరిపి ఎనిమిది వారాలు చుక్క నీళ్లు పోయను. ఆకులు పసుపెక్కి వాలిపోతాయి. చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది, అయినా పోయకూడదు. సంక్రాంతి తర్వాత ఎండలోకి తెచ్చి ఒకసారి నిండా తడుపుతాను. పోయినేడు మార్చి మొదటివారంలో కాడ వచ్చింది. పూలయ్యాక కాడ మాత్రం కోయండి, పచ్చని ఆకుల జోలికి పోకండి. వచ్చే ఏటి పువ్వుకు తిండి దాచేది ఆ ఆకులే.

ఇంత ఓపిక లేదనుకుంటే రెయిన్ లిల్లీ వేసుకోండి. ఎండిపోయినట్టుండి, ఒక మంచి వాన పడ్డ నాలుగైదు రోజులకు కుండీ నిండా పూస్తుంది. ఫుట్‌బాల్ లిల్లీ ఇంకా సులువు. ఏడాదంతా మీరు మర్చిపోయినా ఏప్రిల్, మే జల్లులకు మట్టిలోంచి ఈటెలా లేచి ఎర్రటి బంతి విప్పుతుంది.

కాంపౌండ్ గోడ పక్కన కాస్త నేల ఉంటే లిల్లీ, అదే ఇక్కడివాళ్ల సుగంధరాజ, బారుగా నాటండి. హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్‌వాళ్ల ప్రజ్వల్ రకం మాకు బాగా వచ్చింది, మొగ్గ మీద లేత గులాబీ ఛాయ ఉంటుంది. 5 సెం.మీ. లోతు, జానెడు ఎడం. ఒకసారి పూసిన గడ్డ మళ్లీ పూయదు, దాని పక్క పిల్లలు పూస్తాయి. అందుకని రెండు మూడేళ్లకోసారి తవ్వి విడదీస్తాను.

అలా తవ్విన గడ్డల్ని, అమరిల్లిస్‌వి కూడా, వంటింటి గట్టు మీద ఆరబెడితే మా అత్తమ్మ ఎర్రగడ్డల బుట్టలో సర్దేశారు! నవ్వులాట కాదండి, అమరిల్లిస్‌లో లైకోరిన్ అనే విషముంటుంది, తింటే వాంతులు. అప్పటినుంచి పేపర్లో చుట్టి, పేరు రాసి, బీరువా మీద పెడుతున్నాను.

వానాకాలంలో ఆకుల మీద నల్లటి ఒంటికి తెలుపు, నారింజ చుక్కలున్న గొంగళిపురుగులు కనిపిస్తే అదే పూట ఏరి సబ్బునీళ్లలో వేయండి. రెండు రోజులు ఊరికి వెళ్లొచ్చేసరికి మా రెయిన్ లిల్లీ కుండీలో ఆకన్నది మిగల్లేదు.